గుండమ్మ కథ ఇప్పుడు చూడొచ్చా అంటే, నా సమాధానం కాస్త పొడుగు

తమ్ముడూ, నీ ప్రశ్న రెండుసార్లు చదివాను. పండక్కి ఊరెళ్తున్నావు, ఇంటినిండా జనం ఉంటారు, నాన్నమ్మ గుండమ్మ కథ పెట్టమని పట్టుబడుతోంది. నువ్వేమో ఇంతకుముందు ఒకసారి అరగంట చూసి స్లోగా ఉందని ఆపేశావు. పైగా స్టార్స్ ఎక్కువున్న లవ్ కామెడీలంటే నీకు భయం, లవ్ యాక్చువల్లీ పర్లేదనిపించింది గానీ వాలెంటైన్స్ డే చూసి తల పట్టుకున్నానన్నావు. రెండు ముప్పావు గంటల బ్లాక్ అండ్ వైట్ సినిమాకి అంత టైం పెట్టొచ్చా అనేది నీ డౌటు.

పెట్టొచ్చు. కానీ ఆపేసిన చోట నుంచి కాదు, మళ్ళీ మొదటి నుంచి చూడు, ఈసారి టైటిల్స్ కూడా వదలకు. ఎందుకో చెప్తా.

నేను పాతికేళ్ళ పైన ఎడిటింగ్ రూముల్లో పనిచేశాను. ఫిల్మ్ ముక్కలు చేత్తో అతికించే రోజుల్లో అసిస్టెంటుగా చేరి తర్వాత కంప్యూటర్ మీదకి వచ్చాను. స్టార్లు ఎక్కువున్న సినిమా ఎక్కడ చెడుతుందో ఆ రూములో కూర్చుంటే కళ్ళకి కట్టినట్టు కనపడుతుంది. ఒక సినిమాకి నేను అసోసియేటుగా ఉన్నాను, పేరు వద్దు, ఇద్దరు హీరోలు ఇద్దరు హీరోయిన్లు, చుట్టూ బోలెడు మంది పేరున్న ఆర్టిస్టులు. రఫ్ కట్, అంటే మొదటి విడత ఎడిటింగ్, అయిన దగ్గర నుంచి రోజూ ఫోన్లే, మా హీరోకి ఎంత ఫుటేజ్ ఉంది, ఆయన పాట ఉంచి ఈయన పాట తీశారేంటి, ఎంట్రీ ఎవరిది ముందు, క్లైమాక్సులో ఎవరు ఎన్ని షాట్లు, ఇవే. చివరికి లెంగ్త్ ఎక్కువైందని ఏం తీసేశామో తెలుసా, బామ్మ పాత్ర వేసిన ఒక పెద్దావిడ సీన్లు. సినిమా మొత్తంలో రూములో ఉన్న వాళ్ళందరం మనస్ఫూర్తిగా నవ్వింది ఆ సీన్లకే. ఆవిడ తరఫున ఫోన్ చేసేవాళ్ళు లేరు, అంతే కారణం. ఆ రోజు నాకు పట్టిన దిగులు ఇప్పటికీ గుర్తుంది.

నీకు వాలెంటైన్స్ డే ఎందుకు విసుగొచ్చిందో కూడా ఇందులోనే ఉంది. 2010 సినిమా అది, లాస్ ఏంజెలెస్‌లో ఒక్క రోజు కథ, జూలియా రాబర్ట్స్, యాన్ హాతవే, బ్రాడ్లీ కూపర్, జేమీ ఫాక్స్, టేలర్ స్విఫ్ట్, ఇలా లెక్కపెట్టుకుంటూ పోవచ్చు, అందరికీ తలా ఒక ముక్క పంచారు, ఎవరి ముక్కా కడుపు నిండదు. మన పక్క సలామ్ ఎ ఇష్క్ 2007లో ఆరు జంటలతో మూడున్నర గంటలు తీశారు, అదీ ఇదే జబ్బు. లవ్ యాక్చువల్లీ కొంత తప్పించుకుంది, ఎందుకంటే దాని దర్శకుడు రిచర్డ్ కర్టిస్ కొన్ని కథల్ని చిన్నగా వదిలేసి ఎమ్మా థాంప్సన్ లాంటి వాళ్ళ దగ్గర కాసేపు నిలబడ్డాడు, ఆవిడ గిఫ్టు విప్పి చూసుకుని బెడ్‌రూంలో ఒంటరిగా నిలబడే సీను ఒక్కటి చాలు ఆ సినిమా గుర్తుండటానికి.

ఇప్పుడు 1962కి రా. విజయా వారి సినిమా, నాగిరెడ్డి, చక్రపాణి గార్లు నిర్మాతలు. ఎన్టీఆర్, ఏఎన్నార్, సావిత్రి, జమున, ఎస్వీ రంగారావు, సూర్యకాంతం, రమణారెడ్డి, ఛాయాదేవి, హరనాథ్, ఎల్.విజయలక్ష్మి, రాజనాల. అప్పటి లెక్కలో ఇది ఎంత పెద్ద తారాగణమో ఇప్పుడు చెప్పినా ఊహకి అందదు. ఎన్టీఆర్‌కి అది నూరో సినిమా, ఏఎన్నార్‌కి తొంభై తొమ్మిదోది. ఇద్దరికీ ఊరూరా అభిమానులు, పేరు ఎవరిది ముందు వేస్తే రెండో వాళ్ళు హాల్లో గోల. వీళ్ళేం చేశారంటే టైటిల్స్‌లో నటుల పేర్లే వెయ్యలేదు, ఫొటోలు చూపించారు. మొహాలు తెలియని ప్రేక్షకుడు ఎవడూ లేడు కదా. టైటిల్స్ వదలొద్దన్నది అందుకే, ఒక పెద్ద తగువుని అంత సింపుల్‌గా దాటేసిన పద్ధతి చూస్తే నాకు ఎప్పుడూ ముచ్చటేస్తుంది.

అసలు విషయం మాత్రం సినిమా పేరులోనే ఉంది. అంతమంది స్టార్లుండగా సినిమాకి పెట్టిన పేరు సూర్యకాంతం గారి పాత్రది. ఇద్దరు హీరోల పేర్లూ కాదు, ప్రేమ అనే మాటా లేదు, గయ్యాళి అత్త పేరు. ఈ కథ కన్నడంలో బి.విఠలాచార్య తీసిన మనె తుంబిద హెణ్ణు నుంచి తీసుకున్నారు, గుండమ్మ అనే పేరు కూడా అక్కడిదే, దాన్ని అలాగే ఉంచేశారు. నా ఉద్దేశంలో ఈ సినిమా నిలబడటానికి మొదటి కారణం ఇదే. స్టార్లు అందరూ గుండమ్మ ఇంటికి వస్తారు, గుండమ్మ ఎవరి కోసమూ ఎక్కడికీ వెళ్ళదు. ఎవరి సీను తీసుకున్నా దాని తాడు చివర ఆవిడ చేతిలో ఉంటుంది. అందుకే అంతమంది ఉన్నా మనకి అయోమయం ఉండదు, ఇల్లు ఒకటే, ఇంటావిడ ఒకటే, వచ్చేవాళ్ళు పోయేవాళ్ళు మారుతుంటారు.

కథ క్లుప్తంగా చెప్తా, తెలిసినా పర్లేదు, ఇందులో సస్పెన్సేం లేదు. గుండమ్మ డబ్బున్న వితంతువు. సవతి కూతురు లక్ష్మి అంటే సావిత్రి, ఇంటిచాకిరీ మొత్తం ఆ పిల్లదే. సొంత కూతురు సరోజ, జమున, చదువుకుంది, పొగరు. కొడుకు ప్రభాకర్‌గా హరనాథ్. గంటయ్య అని రమణారెడ్డి, గుండమ్మ చెవిలో ఏదో ఒకటి ఊదుతూ తన పనికిమాలిన కొడుకు రాజనాలకి సరోజని కట్టబెడదామని చూస్తుంటాడు. ఇంకో పక్క వెంకట్రామయ్య, ఎస్వీఆర్, బాగా ఉన్నవాడు, ఇద్దరు కొడుకులు. గుండమ్మ కూతుళ్ళని చేసుకోవాలి, కానీ ఆవిడ సంగతి కూడా తేల్చాలి అని పెద్దవాడు ఎన్టీఆర్ అంజి అనే పేరుతో పనివాడిగా చేరతాడు, చిన్నవాడు ఏఎన్నార్ సరోజ వెంట పడతాడు. అంతే కథ.

నీకు అరగంటలో స్లో అనిపించింది కదా, దానికో కారణం ఉంది. మనకిప్పుడు సీను అంటే ఏదో ఒకటి జరగాలి. ఇందులో మొదట్లో ఏమీ జరగదు, మనుషులు మాట్లాడుకుంటూ ఉంటారు. డి.వి.నరసరాజు గారి మాటలు అవి. పంచ్ డైలాగుల్లా ఉండవు, పక్కింట్లో గోడ అవతల నుంచి వినపడుతున్నట్టు ఉంటాయి. నువ్వు ఫోన్ పక్కన పెట్టి గుండమ్మ, గంటయ్య మాట్లాడుకునే సీన్లు మాత్రం చెవి పెట్టి విను. గుండమ్మ ఎంత గట్టిగా అరుస్తుందో అంత తేలిగ్గా మోసపోతుంది. ఆవిడకి నోరు పెద్దది, బుర్రలో కపటం లేదు. కపటం అంతా మెత్తగా మాట్లాడే రమణారెడ్డిది. ఇది నువ్వు పట్టుకున్నావంటే సినిమా మొత్తం వేరేగా కనపడుతుంది.

ఇంకో సంగతి, ఎడిటింగ్ చేసినవాడిగా నాకు బాగా నచ్చేది. సవతి తల్లి కథంటే సామాన్యంగా ఏం తీస్తారు, కొట్టడం, వాతలు పెట్టడం, అన్నం పెట్టకపోవడం, ఏడుపు పాట. ఇందులో అలాంటివి గుప్పించలేదు. ఎందుకంటే అవసరం లేదు, తెర మీద సూర్యకాంతం కనపడి ఎడంచెయ్యి అలా తిప్పిందంటే చాలు, లక్ష్మి ఎన్నేళ్ళుగా ఏం పడుతోందో హాల్లో అందరికీ తెలిసిపోతుంది. ప్రేక్షకుడి దగ్గర అప్పటికే ఉన్న జ్ఞాపకాన్ని వాడుకున్నారన్నమాట. స్టార్‌ని తీసుకోవడం వల్ల అసలు లాభం అది, పోస్టర్ మీద బొమ్మ కాదు. ఒక్క మనిషి రావడంతో పది నిమిషాల కథ చెప్పకుండానే అయిపోవాలి. అలా మిగిలిన టైంని వీళ్ళు కామెడీకి పెట్టుకున్నారు.

ఎన్టీఆర్ గురించి చెప్పకపోతే పాపం తగులుతుంది. అప్పటికి మాయాబజార్ వచ్చి ఐదేళ్ళయింది, జనానికి ఆయన కృష్ణుడు, రాముడు. అలాంటి మనిషి నిక్కరు వేసుకుని పనివాడిలా నిలబడి, వంటింట్లో సావిత్రి పక్కన పిండి రుబ్బుతాడు. లేచింది మహిళాలోకం పాట ఆ రుబ్బురోలు దగ్గరే. నువ్వు ఆ పాట రీల్స్‌లో ముక్కలుగా చూసే ఉంటావు, మొత్తం చూడు. పాట రాసిన పింగళి గారు అందులో పంచాయతీలు, ఉద్యోగాలు, ఆడవాళ్ళు బయటికి రావడం అన్నీ పెట్టారు, ఆంధ్రప్రదేశ్‌లో పంచాయతీరాజ్ మొదలైంది 1959లో, అంటే అప్పటికి అది తాజా ముచ్చట. ఆ మాటలు పాడేది రోలు తిప్పుతున్న మగాడు, వినేది ఆ ఇంట్లో జీతం లేని పనిమనిషిగా బతుకుతున్న అమ్మాయి. సావిత్రి మొహం చూడు ఆ పాటలో. ఎవరో తనకి పనిలో సాయం చేస్తున్నారు అనే ఆశ్చర్యం ముందు వస్తుంది, ఇష్టం తర్వాత వస్తుంది. ఆ వరస అంత కరెక్టుగా పట్టుకున్న నటి మనకి ఇంకొకరు లేరనే నేననుకుంటాను.

అంజి, లక్ష్మి జంట ఈ సినిమాకి గుండెకాయ. వాళ్ళు పార్కుల్లో కలుసుకోరు, పనిలో కలుసుకుంటారు. ఇద్దరూ ఒకే మనిషి తిట్లు తింటారు. అలిగిన వేళనే చూడాలి, మౌనముగా నీ మనసు పాడిన, ఈ రెండు పాటలూ వరసగా తలుచుకుంటే ఆ ప్రేమ ఎలా పెరిగిందో మాటలక్కర్లేకుండా తెలుస్తుంది. మొదటిది సుశీల గారు పాడారు, రెండోది ఘంటసాల గారు. ఆయన పాడటమే కాదు, సినిమాకి సంగీతం కూడా ఆయనదే, చాలామంది మర్చిపోతుంటారు.

పాటల సంగతి వచ్చింది కాబట్టి ఇంకొకటి. కోలు కోలోయన్న పాటలో నలుగురూ ఉంటారు, రెండు జంటలు, చూస్తే అందరూ కలిసి సరదాగా షూటింగ్ చేసుకున్నారనిపిస్తుంది. నిజానికి నలుగురి కాల్షీట్లు ఒకేసారి దొరకలేదు, దొరికిన వాళ్ళతో దొరికిన రోజు తీసి తర్వాత కలిపారు. నేను ఈ సంగతి తెలిశాక ఆ పాటని ఎడిటింగ్ కోసం ప్రత్యేకంగా కూర్చుని చూశాను, ఎక్కడ ఎవరి చూపు ఎటు పోతోంది, ఒక జంట నవ్వితే కట్ ఎవరి మీద పడుతోంది అని. అతుకు తెలియదు. ఇప్పుడు కంప్యూటర్‌లో ఏదైనా అతికించొచ్చు, అప్పుడు కత్తెర, ఫిల్మ్ అతికించే సిమెంటు అనే జిగురు తప్ప ఏమీ లేవు, చూపుల దిక్కు సెట్లోనే సరిగ్గా పెట్టుకోకపోతే తర్వాత ఎవరూ కాపాడలేరు. కెమెరా మార్కస్ బార్ట్లే. ఎంత హాయి ఈ రేయి పాటలో ఆ వెన్నెల చూసి, ఇది నిజం వెన్నెల కాదు లైట్లు అని మనసుకి చెప్పుకోవాల్సి వస్తుంది.

ప్రేమయాత్రలకు బృందావనము అనే పాట వెనక కూడా ఒక ముచ్చట ఉంది. డ్యూయెట్ ఎక్కడ తీద్దామన్న మాట వచ్చినప్పుడు, ప్రతిసారీ ఊటీలూ బృందావనాలూ ఎందుకని చక్రపాణి గారు అన్నారట, పింగళి గారు ఆ మాటనే పల్లవి చేసేశారు. ప్రేముంటే ఇక్కడే చాలదా అని దాని భావం. మనసులు కలిస్తే ఇల్లే స్వర్గం అనే కథకి అంతకంటే సరిపోయే పాట ఇంకేముంది చెప్పు.

ఇప్పుడు బాగోలేనివి కూడా చెప్తా, లేకపోతే నువ్వు చూశాక నన్నే తిడతావు. ఏఎన్నార్, జమునల ట్రాక్ సెకండాఫ్‌లో నీకు ఇబ్బంది పెడుతుంది, నాకూ పెడుతుంది. పొగరున్న అమ్మాయిని దారిలో పెట్టడం అనే కథ అది. పెళ్ళయ్యాక భర్త తను పెద్దింటివాడు కాదన్నట్టు నాటకం ఆడి ఆ పిల్లని బయటికి తీసుకెళ్ళి కూలిపని చేయిస్తాడు, ఆ నాటకంలో మామగారికి కూడా భాగం ఉంది. కష్టం విలువ తెలియడం మంచిదే, కాదనను, కానీ ఆ అమ్మాయిని ఎవరూ ఒక్క మాట అడగరు. ఆ మాటకొస్తే లక్ష్మి కూడా తను చేసుకున్నవాడు ఎవరో తెలియకుండానే చేసుకుంది. ఇద్దరు మగపిల్లలు, ఒక తండ్రి కలిసి ఇద్దరు ఆడపిల్లల జీవితాల మీద మారువేషాలు వేశారు, మనం నవ్వుతూ చూస్తాం. నీ పక్కన చెల్లెళ్ళో మరదళ్ళో కూర్చుంటే కచ్చితంగా ఈ మాట అంటారు, అననివ్వు. వాళ్ళు అన్నది న్యాయమే. జమున గారు మాత్రం ఆ పాత్రని చాలా ప్రాణం పెట్టి చేశారు, పొగరులో కూడా ఒక చిన్నపిల్లతనం ఉంచారు, అందువల్లే ఆ ట్రాక్ మరీ చేదు అవకుండా గట్టెక్కింది.

హరనాథ్, ఎల్.విజయలక్ష్మి ప్రేమకథ పల్చన. అది ఉన్నది ఆ అమ్మాయి తరఫు దుర్గమ్మని ఇంట్లోకి తేవడానికే.

ఆ దుర్గమ్మ, ఛాయాదేవి, వచ్చాక సినిమా మళ్ళీ లేచి కూర్చుంటుంది. అంతసేపూ అందరినీ అరిచిన గుండమ్మకి తన ఇంట్లోనే తనకంటే పెద్ద నోరు ఎదురవుతుంది. మామూలుగా అయితే అక్కడ మనం హమ్మయ్య తగిన శాస్తి జరిగింది అనుకోవాలి కదా, కానీ అలా అనిపించదు, గుండమ్మ మీద జాలేస్తుంది. సూర్యకాంతం గారు ఆ మార్పు ఎలా తెచ్చారో నేను చాలాసార్లు చూసినా పూర్తిగా పట్టుకోలేకపోయాను. గొంతు అదే, చెయ్యి అదే, కళ్ళల్లో మాత్రం ఏదో తగ్గిపోతుంది. అప్పుడు ఎవరు వస్తారు ఆవిడ కోసం, ఏ అమ్మాయిని పనిమనిషిలా చూసిందో ఆ లక్ష్మే వస్తుంది. హీరో వచ్చి ఫైట్ చేసి కాపాడటం కాదు ఇక్కడ గొప్ప, సావిత్రి గొంతు పెరగడం గొప్ప. సినిమా అంతా తలొంచుకుని ఉన్న పిల్ల అప్పుడు మాట్లాడుతుంది. ఇద్దరు మహా హీరోలున్న సినిమాలో అసలు గెలుపు సవతి తల్లి, సవతి కూతురి మధ్య పెట్టారు చూడు, ఈరోజు ఎవరైనా నాకు అలాంటి కథ చెప్తే ముందు ఆ హీరోలని ఒప్పించమంటాను.

దర్శకుడు కమలాకర కామేశ్వరరావు గారి గురించి ఒక్క మాట. ఆయన పేరు చెప్తే అందరికీ మరుసటి ఏడాది వచ్చిన నర్తనశాల, పౌరాణికాలు గుర్తొస్తాయి. ఇలాంటి ఇంటి కామెడీ ఆయన చేతిలో పడటమే వింత, కానీ పౌరాణికాలు తీసేవాళ్ళకి ఒక అలవాటు ఉంటుంది, ఎంతమంది సభలో ఉన్నా ఎవరు ఎక్కడ నిలబడాలో వాళ్ళకి బాగా తెలుసు. గుండమ్మ ఇంట్లో నలుగురైదుగురు ఒకేసారి ఉన్న సీన్లు చూడు, క్లోజప్పులు గుప్పించకుండా అందరినీ ఒక్క షాట్‌లో ఉంచి, మాట్లాడే వాళ్ళతో పాటు వినేవాళ్ళ మొహాలు కూడా చూడనిచ్చాడు. కామెడీ సగం వినేవాళ్ళ మొహాల్లోనే ఉంటుంది. ఇప్పటి సినిమాల్లో డైలాగ్ చెప్పేవాడి మీదే కట్ చేసి చేసి ఆ సగాన్ని పోగొట్టుకుంటున్నాం, నేను చేసిన సినిమాల్లో కూడా అదే చేశాం, చేయించారు.

1962 జూన్‌లో రిలీజై విజయవాడ దుర్గా కళామందిరంలో సిల్వర్ జూబిలీ ఆడింది ఇది. రీమేక్ చేద్దామని తర్వాత తరాల హీరోల పేర్లతో మాటలు చాలాసార్లు వచ్చాయి, అవ్వలేదు. ప్రతిసారీ అందరూ హీరోల గురించే మాట్లాడుకుంటారు, చివరికి గుండమ్మ ఎవరు అనే దగ్గర ఆగిపోతుంది.

ఇక నువ్వు చేయాల్సింది చెప్తా. ఒక్కడివే ల్యాప్‌టాప్‌లో చూడకు, ఈ సినిమా పదిమందితో హాల్లో టీవీలో చూసేది. మంచి ప్రింటు వెతికి పెట్టుకో, పాటలు కత్తిరించిన కాపీలు తిరుగుతుంటాయి, రెండు గంటల నలభై నిమిషాల పైన ఉందో లేదో చూసుకో. మధ్యాహ్నం భోజనాలయ్యాక మొదలుపెట్టు, జమున ట్రాక్ సాగుతున్నట్టు అనిపించినప్పుడు లేచి అందరికీ టీ పెట్టు, దుర్గమ్మ వచ్చే టైంకి మాత్రం వచ్చి కూర్చో. నాన్నమ్మ డైలాగు ముందే చెప్పేస్తుంటే ఆపకు.

నచ్చితే తర్వాత మిస్సమ్మ చూడు, 1955ది, అదీ విజయా వారిదే, ఎల్.వి.ప్రసాద్ తీశారు, ఎన్టీఆర్, ఏఎన్నార్, సావిత్రి, జమున, ఎస్వీఆర్, రేలంగి అందరూ ఉంటారు. కథగా, స్క్రీన్‌ప్లేగా మిస్సమ్మ ఒక మెట్టు పైనే అని నా లెక్క, ఇది చాలామంది ఒప్పుకోరు. ఏఎన్నార్ అందులో అంత పెద్ద హీరో అయ్యుండి డిటెక్టివ్‌నని చెప్పుకు తిరిగే కామెడీ వేషం వేశారు, అది చూశాక నాకు ఆయన మీద గౌరవం రెట్టింపైంది. నాన్నమ్మకి రెండిట్లో ఏది ఇష్టమో అడిగి నాకు చెప్పు, నిజంగానే తెలుసుకోవాలనుంది.